నడుమ మాయమైన ‘నెలలు’

వైరస్ సోకి కుప్పకూలిన బ్రిటన్ గురించిన భయానక చిత్రాల వరసలో నాలుగోది, ‘28 ఇయర్స్ లేటర్: ది బోన్ టెంపుల్’, 2026 జనవరి 16న అమెరికాలో విడుదలైంది. మొదటి మూడు రోజుల వసూళ్లు సుమారు 1.3 కోట్ల డాలర్లు. ఏడు నెలల కిందట, 2025 జూన్‌లో వచ్చిన ముందు భాగం ‘28 ఇయర్స్ లేటర్’ మొదటి మూడు రోజుల్లో 3 కోట్లు తెచ్చింది. విమర్శకులు రెండో భాగాన్ని బాగా మెచ్చుకున్నారు. చూసి బయటికొచ్చిన ప్రేక్షకులు కూడా బాగుందన్నారు. కానీ హాలు దాకా వచ్చినవాళ్లే తక్కువ. ఆ లెక్క బయటపడగానే పాత ప్రశ్న మళ్లీ లేచింది: మూడు భాగాలుగా అనుకున్న ఈ కొత్త కథకు మూడో భాగం వస్తుందా, లేక ఇంకోసారి మధ్యలో ఆగిపోతుందా?

దాని వెంటే రెండు వాదనలు నడుస్తున్నాయి. 2007 నాటి సినిమా తర్వాత పద్దెనిమిదేళ్లు ఆలస్యం చేశారు కాబట్టే జనం మరిచిపోయారని కొందరు అంటున్నారు. ఏడు నెలల్లో రెండు వదిలారు కాబట్టే జనం అలిసిపోయారని మరికొందరు. రెండు వాదనలూ దర్శకుల మీదికో రచయిత మీదికో పోతున్నాయి. అసలు చిక్కు వాళ్ల దగ్గర లేదన్నది ఈ వ్యాసం చెప్పదలచుకున్న మాట.

2002 నాటి మొదటి సినిమా ‘28 డేస్ లేటర్’ కథను మళ్లీ చెప్పనక్కర్లేదు. ఖాళీ లండన్, వంతెన మీద ఆస్పత్రి బట్టల్లో ఒంటరిగా నడిచే కిలియన్ మర్ఫీ, ఆవేశంతో ఊగిపోతూ పరిగెత్తే రోగగ్రస్తులు, ఇవి చూడనివాళ్లకూ తెలిసిన దృశ్యాలే. ఇక్కడ అవసరమైనవి రెండే అంకెలు: ఖర్చు సుమారు 80 లక్షల డాలర్లు, రాబడి 8 కోట్లకు పైగా. ఏ స్టూడియో అయినా ఇలాంటి సరుకును వదులుకోదు. 2007లో హువాన్ కార్లోస్ ఫ్రెస్నాడియో దర్శకత్వంలో ‘28 వీక్స్ లేటర్’ వచ్చింది. అదీ 1.5 కోట్ల ఖర్చుకు 6 కోట్లు దాటించింది. చివర్లో రోగగ్రస్తులు పారిస్ చేరినట్టు చూపించి, తర్వాతి కథకు తలుపు బార్లా తీసిపెట్టింది.

ఆ తలుపులోంచి ఎవరూ రాలేదు. పేర్లు వరసగా చదివితే ఆ లోటు కళ్లకు కడుతుంది. రోజులు, వారాలు, ఆ తర్వాత ఏకంగా సంవత్సరాలు. మధ్యలో రావలసిన ‘28 మంత్స్ లేటర్’ గురించి 2007 నుంచే మాటలు నడిచాయి. సినిమా మాత్రం లేదు.

ఎందుకు లేదు? దీనికి ఇప్పుడు ఎక్కువగా వినిపించే జవాబు మొదటి సినిమా దర్శకుడు డానీ బోయల్ వైపు నుంచి వచ్చింది. మంచి ఆలోచన దొరకలేదు, దొరికేదాకా ఆగాం, కోవిడ్ రోజుల్లో నిజంగానే నిర్మానుష్యమైన నగరాలను చూశాక కథకు కొత్త అర్థం వచ్చింది, బ్రిటన్ యూరప్ నుంచి విడిపోవడం దానికి తోడైంది అన్నది ఆ జవాబు సారం. అందులో నిజం లేకపోలేదు. మధ్యలో రచయిత అలెక్స్ గార్లండ్ ఒక స్క్రిప్టు రాశారని, వైరస్‌ను ఆయుధంగా మార్చే ఆలోచన చుట్టూ తిరిగిన ఆ కథ ఇద్దరినీ ఒప్పించలేక పక్కకు పోయిందని వాళ్లే చెప్పారు. సినిమా ప్రచారంలో చెప్పుకోవడానికి ఇది అందమైన కథ. ప్రేరణ కోసం ఎదురుచూసిన కళాకారులంటే ఎవరికైనా ఇష్టమే.

కానీ 2010లో, ప్రచారం చేసుకోవలసిన సినిమా ఏదీ లేనప్పుడు, ఇదే గార్లండ్ వేరే మాట చెప్పారు. హక్కులు కొంతమంది మధ్య గడ్డకట్టుకుపోయాయి, వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు, మాట్లాడుకుంటే తప్ప ఈ సినిమా రాదు అని దాపరికం లేకుండా అన్నారు. 2015లో మళ్లీ అడిగితే, ఆలోచన ఒకటి ఉందని, నిర్మాత ఆండ్రూ మెక్‌డొనాల్డ్ దాని మీద పనిచేస్తున్నారని చెప్పారు. అంటే కోవిడ్‌కు అయిదేళ్ల ముందే ఆలోచన ఉంది, రాయగలిగినవాడు ఉన్నాడు, పట్టువదలని నిర్మాత ఉన్నాడు. లేనిది తాళంచెవి.

ఆ తాళం ఎలా పడిందో తెలియాలంటే మెక్‌డొనాల్డ్ సంస్థ డీఎన్‌ఏ ఫిల్మ్స్ పుట్టుక దగ్గరికి వెళ్లాలి. 1997లో బ్రిటన్ ప్రభుత్వం జాతీయ లాటరీ సొమ్ముతో సినిమా సంస్థలను నిలబెట్టాలనుకుంది. అలా 2.9 కోట్ల పౌండ్లు దక్కిన సంస్థ ఇది. మొదటి సినిమాకు పెట్టుబడి ఇటు బ్రిటిష్ ప్రజాధనం నుంచి, అటు అమెరికాలో ఫాక్స్ స్టూడియో శాఖ అయిన ఫాక్స్ సెర్చ్‌లైట్ నుంచి వచ్చింది. అది హిట్టయిన 2003లోనే డీఎన్‌ఏ, సెర్చ్‌లైట్ సగం సగం భాగస్వాములయ్యాయి. ఆనాడు అందరికీ లాభంగా కనిపించిన ఏర్పాటే ఇది. కానీ ఇలాంటి పొత్తులో ఒక్కరు సరేననకపోయినా బండి కదలదు. మన దగ్గర నెగెటివ్ హక్కులు ఒకరి దగ్గర, రీమేక్ హక్కులు ఇంకొకరి దగ్గర ఉండిపోయి, వారసుల మధ్య నలిగిన సినిమాల సంగతి తెలిసినవాళ్లకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు.

పైగా అమెరికా వైపు భాగస్వామి నిలకడగా లేడు. రెండో సినిమాను అక్కడ విడుదల చేసిన మరో ఫాక్స్ శాఖ, ఫాక్స్ అటామిక్, 2009లోనే మూతపడింది. 2019 మార్చిలో ఫాక్స్ సినిమా స్టూడియోను డిస్నీ కొనేసింది. కొత్త యజమాని దగ్గర వేలాది సినిమాల్లో ఇదొకటి. కొంతకాలానికి అమెరికాలో మొదటి సినిమాను డిజిటల్‌లో కొనుక్కోవడానికీ వీల్లేకుండా పోయింది, డిస్కులు కూడా అచ్చులో లేవు. అభిమానులు పాత డిస్కుల కోసం సెకండ్‌హ్యాండ్ దుకాణాలు వెతికారు. ఒక తరం భయానక చిత్రాల తీరునే మార్చిన సినిమా అది. దాన్ని చట్టబద్ధంగా చూసే దారి ఆనాడు దాదాపు లేకపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం. జనం మరిచిపోయారని ఇవాళ అంటున్నవాళ్లు దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మరిచిపోవడం దానంతటది జరగలేదు. కొత్త ప్రేక్షకులకు సినిమా అందకుండా పోయింది.

అందుకే మలుపు 2024 జనవరిలో ఉందంటాను. ఆ నెలలో బోయల్, గార్లండ్, మెక్‌డొనాల్డ్ కలిసి మూడు సినిమాల ప్రతిపాదనతో స్టూడియోల ముందుకు వచ్చారు. మొదటిదానికి బోయల్ దర్శకుడు, మూడింటికీ రచన గార్లండ్, ఒక్కోదానికి బడ్జెట్ 6 కోట్ల డాలర్ల పైమాట. వార్నర్ బ్రదర్స్ పోటీపడింది. చివరికి గెలిచింది సోనీ. అక్కడ సినిమా విభాగానికి అధిపతి టామ్ రాత్‌మన్. ఫాక్స్ సెర్చ్‌లైట్‌ను మొదట్లో నిలబెట్టింది ఆయనే, మొదటి సినిమా వచ్చిన రోజుల్లో ఫాక్స్ స్టూడియో పగ్గాలు పట్టుకున్నదీ ఆయనే. 2012లో ఫాక్స్ వదిలిన మనిషి వేరే స్టూడియో కుర్చీలో కూర్చుని అదే కథను మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. 2024 డిసెంబరులో మొదటి సినిమా డిజిటల్‌లో మళ్లీ దొరకడం మొదలైంది. పద్దెనిమిదేళ్ల కథలో తాళం తీసిన క్షణం ఏదంటే ఈ ఒప్పందమే. కోవిడ్ ఆలోచన ఇచ్చి ఉండవచ్చు. కానీ 2020లో వచ్చిన ఆలోచన 2024 దాకా కాగితం మీదే ఉంది.

అయితే ఆ ఒప్పందంలోనే ఇవాళ్టి చిక్కు కూడా ఉంది. మూడు సినిమాలన్నారు. డబ్బు పక్కా అయింది రెండింటికే. 2025 జూన్‌లో మొదటి భాగం విడుదలవుతున్నప్పుడు బోయల్ ఈ మాటే చెప్పారు: మూడోదానికి ఇంకా డబ్బు రాలేదు, ఇది బాగా ఆడితే వస్తుందని ఆశ, కిలియన్ మర్ఫీతో సహా అందరూ సిద్ధంగా ఉన్నారు అని.

ఏడు నెలల తేడాతో రెండు రావడానికి కారణమూ ఇక్కడే ఉంది. 2024 మేలో ఇంగ్లండ్ ఈశాన్యంలో షూటింగ్ మొదలైంది. నార్తంబర్‌లాండ్ తీరంలోని హోలీ ఐలాండ్‌కు సముద్రం వెనక్కి తగ్గినప్పుడు మాత్రమే రోడ్డు తేలుతుంది, పోటు వస్తే మునిగిపోతుంది. కథలో ఊరిని కాపాడే అడ్డుగోడ ఆ నీళ్లే, షూటింగ్ యూనిట్ వేళలను నిర్ణయించిందీ ఆ నీళ్లే. ఛాయాగ్రాహకుడు ఆంథొనీ డాడ్ మాంటిల్ 2001లో చిన్న డిజిటల్ కెమెరాతో తీసినవాడు. ఈసారి ఐఫోన్లను, ఒక్కోసారి ఇరవై ఫోన్లను ఒకే చట్రానికి వరసగా బిగించి తీశాడు. యార్క్‌షైర్‌లోని రెడ్‌మైర్ దగ్గర రెండున్నర లక్షల నకిలీ ఎముకలతో, 5,500 పుర్రెలతో ఆలయం సెట్టు లేచింది. రేఫ్ ఫైన్స్ వేసిన డాక్టర్ పాత్ర చచ్చినవాళ్ల కోసం కట్టుకున్న స్మారకం అది. అంత సెట్టు వేశాక విప్పి, ఏడాది తర్వాత మళ్లీ కట్టడం ఎవరికీ గిట్టుబాటు కాదు. కథకు కేంద్రమైన స్పైక్ పాత్రలో ఉన్నది పిల్లవాడు, ఏడాది ఆగితే ముఖం మారిపోతుంది. అందుకే బోయల్ ముగించగానే దర్శకురాలు నియా డకోస్టా రెండో భాగం మొదలుపెట్టారు. తీయడంలో తొందర కాదది, పొదుపు.

విడుదల తేదీల మీద మాత్రం ఆ మాట అనలేను. మొదటి భాగం చివర్లో రంగురంగుల ట్రాక్‌సూట్లు, తెల్లజుట్టు విగ్గులతో వచ్చిన ముఠా చాలామందికి మింగుడు పడలేదు. ఆ వేషం జిమ్మీ సావిల్ అనే బ్రిటిష్ టీవీ ప్రముఖుడిది. అతను ఎందరో పిల్లలపై అత్యాచారాలు చేశాడన్న నిజం 2012లో గానీ బయటపడలేదు. సినిమా లోకంలో బ్రిటన్ కుప్పకూలింది 2002 ప్రాంతంలో. కాబట్టి అక్కడి పిల్లలకు అతను ఇంకా మంచి టీవీ మామయ్యే. లోతైన ఆలోచన. బ్రిటన్ బయట దీన్ని పట్టుకోగలిగినవాళ్లు తక్కువ. ఆ గందరగోళం సద్దుమణగకముందే, అదే ముఠా చుట్టూ తిరిగే రెండో భాగాన్ని జనవరి చలిలో వదిలారు. మొదటి భాగం జనం నోళ్లలో నాని, దాన్ని ఇళ్లలో చూసి, మాటలు పెరిగి, కొత్తవాళ్లు చేరడానికి ఇంకొంత గడువు కావలసింది. ఈ నిర్ణయం దర్శకురాలిది కాదు, స్టూడియో క్యాలెండర్‌ది. ఇవాళ వచ్చిన తక్కువ అంకెను ఆమె లెక్కలో రాయడం అన్యాయం.

మర్ఫీ సంగతీ చెప్పాలి. మొదటి ట్రైలర్‌లో కనిపించిన బక్కచిక్కిన ఆకారం ఆయనేనని లోకమంతా అనుకుంది. కాదు. 2025 సినిమాలో ఆయన నిర్మాతల్లో ఒకరే తప్ప తెరమీద లేరు. ఆయన కోసమే వచ్చినవాళ్లు నిరాశపడ్డారు.

2025 డిసెంబరులో, రెండో భాగం ఇంకా విడుదల కాకముందే, సోనీ మూడోదాన్ని ముందుకు తీసుకెళ్తోందని, గార్లండ్ రాస్తున్నారని, మర్ఫీతో మాటలు నడుస్తున్నాయని వార్తలు వచ్చాయి. ఇవాళ్టి ఆందోళనంతా ఆ వార్తకూ జనవరి వసూళ్లకూ మధ్య ఉన్న దూరం గురించే. ముందుకు తీసుకెళ్లడం వేరు, చెక్కు రాయడం వేరు. 2007 తర్వాత కూడా ‘నెలలు’ ముందుకే వెళ్తూ ఉండేది.

2010కీ ఇప్పటికీ ఒక్క తేడా ఉంది, అది చిన్నదేమీ కాదు. అప్పుడు హక్కులున్నవాళ్లు మాట్లాడుకోవడం లేదు. ఇప్పుడు రచయిత, నిర్మాత, బోయల్, నటుడు అందరూ ఒకే పక్క ఉన్నారు, అవతల ఉన్నది ఒకే ఒక్క స్టూడియో. ఒప్పించవలసిన మనుషులు తగ్గారు.

ఇంకా సినిమా చూడనివాళ్లు ఈ పేరా వదిలేయవచ్చు. ‘బోన్ టెంపుల్’ చివర్లో ఒక ఇల్లు కనిపిస్తుంది. లోపల నడివయసు జిమ్, అంటే మొదటి సినిమాలో మర్ఫీ వేసిన పాత్ర, కూతురికి చరిత్ర పాఠం చెబుతుంటాడు. బయట కొండమీద స్పైక్, ఒక అమ్మాయి ప్రాణాలు అరచేత పట్టుకుని పరిగెత్తుతుంటారు, వెనక రోగగ్రస్తులు. సాయం చేద్దామా అని కూతురు అడుగుతుంది. జిమ్ బయల్దేరతాడు. ఆ తర్వాతి షాట్ ఇంకా తీయలేదు.