బియ్యం డబ్బాలో ఫోను, ఉప్పుగాలిలో ఊరు

మొన్నామధ్య మా పిన్ని కొడుకు వైజాగ్ ఆర్కే బీచ్‌లో మోకాలి లోతు నీళ్లలో నిలబడి సెల్ఫీ తీసుకుంటుంటే అల వచ్చి తోసేసింది. ఫోన్ నీళ్లలో పడింది. ఇంటికి రాగానే వాడు చేసిన మొదటి పని బియ్యం డబ్బా మూత తీయడం. "వీడియోలో చూశాను అన్నయ్యా. ఒక్క రాత్రి ఉంచితే బియ్యం నీళ్లన్నీ పీల్చేస్తుందట" అన్నాడు. తెల్లారేసరికి ఫోన్ వెలిగింది. వాడి ఆనందం అంతా ఇంతా కాదు. తొమ్మిదో రోజు అది ఆగిపోయింది, మళ్లీ లేవలేదు.

ముందు బియ్యం సంగతి చూద్దాం. ఇంట్లో నిల్వ ఉన్న బియ్యంలో నూటికి 12 నుంచి 14 పాళ్లు నీరే ఉంటుంది. చుట్టూ గాలి పొడిగా ఉంటే గింజ నీటిని వదులుతుంది, తేమగా ఉంటే తీసుకుంటుంది. వైజాగ్ గాలిలో తేమ ఏడాదిలో చాలా రోజులు 70 శాతం పైనే. అంటే మన డబ్బాలోని బియ్యం ఎప్పుడో తాగాల్సినంత తాగేసి కూర్చుంది. పైగా ఫోన్‌లోకి వెళ్లిన నీరు గిన్నెలో నీళ్లలా ఒకచోట నిలిచి ఉండదు. సర్క్యూట్ బోర్డు మీది రేకుల కింద, వెంట్రుకవాసి సందుల్లో ఇరుక్కుంటుంది. అది ఆవిరై బయటికి రావాలంటే కదిలే గాలి కావాలి. బియ్యం డబ్బాలో లేనిదే అది. ఫోన్‌ను వెంటనే ఆపేసి, చార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టి, ఫ్యాన్ గాలికి పెట్టడం అంతకంటే మేలు. 2024 మొదట్లో ఆపిల్ సంస్థ కూడా తడిసిన ఫోన్‌ను బియ్యం సంచిలో పెట్టొద్దని, సన్నటి రేణువులు లోపలికి పోయి పాడుచేయొచ్చని తన సూచనల్లో రాసింది. మన బియ్యానికి ఎంత పిండి అంటుకుని ఉంటుందో కడిగే చేతికి తెలుసు.

మరి తెల్లారి వెలిగిన ఫోన్ తొమ్మిదో రోజు ఎందుకు పోయింది? జగదాంబ దగ్గర ఫోన్లు బాగుచేసే కుర్రాడు దాన్ని విప్పి, భూతద్దం కింద పెట్టి చూపించాడు. బోర్డు మీద అక్కడక్కడా పచ్చటి మరకలు. "చిలుము పట్టేసింది సార్. మంచినీళ్లయితే చాలావరకు బతుకుతాయి. బీచ్ ఫోన్లు ఇలాగే వారం ఆగి వస్తాయి" అన్నాడు.

ఆ కుర్రాడు అనుభవంతో చెప్పిన మాట వెనక ఒక అంకె ఉంది: 75. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు గాలిలోని నీటిని లాక్కుని తానే కరిగి ద్రవమైపోతుంది. వానాకాలంలో ఉప్పు జాడీలో చెమ్మ ఊరేది ఇందుకే. ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కాస్త కలిసి ఉంటే చెమర్చడానికి అంత తేమ కూడా అక్కర్లేదు, దానికి 33 శాతమే చాలు. ఇక సముద్రపు నీటి లీటరులో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. నదులు వచ్చి కలవడం వల్ల మన బంగాళాఖాతం పైనీళ్లలో కొంచెం తక్కువ. ఫోన్ లోపల నీరు ఆరిపోయింది గానీ ఆ లవణాలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. సాయంత్రం తేమ పెరిగిన ప్రతిసారీ అవి మళ్లీ తడిశాయి. నాలుగు వోల్టుల బ్యాటరీ ఇచ్చే కరెంటు ఆ ఉప్పునీటి పొర గుండా పారుతుంటే రాగి కొంచెం కొంచెంగా కరిగి చిలుముగా మారింది. ఫోన్ మునిగింది ఒక్కసారే, తడిసింది తొమ్మిది రాత్రులు.

అందుకే సముద్రంలో పడ్డ ఫోన్‌కు ఆరబెట్టడం ఒక్కటే సరిపోదు, ఉప్పు వదిలించాలి. నీటిలో మునిగినా తట్టుకుంటుందని పరీక్షించి ముద్ర వేసిన ఐపీ68 రకం ఫోన్ అయితే ఆపేసి వెంటనే మంచినీటితో కడగాలి. ఆ పరీక్షలు చేసేది మంచినీటిలోనే, సముద్రపు నీటిలో కాదన్నది చాలామంది పట్టించుకోని విషయం. అలాంటి రక్షణ లేని ఫోన్ అయితే ఆ రోజే విప్పించి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేయించాలి. "ఒకసారి ఆన్ చేసి చూద్దాం" అనే తొందర మాత్రం వద్దు. కరెంటు పారని బోర్డు మీద ఆ చిలుము అంత వేగంగా పట్టదు.

ఫోన్ వేడెక్కితే కాసేపు ఫ్రిజ్‌లో పెట్టమనే చిట్కా కూడా బాగా తిరుగుతోంది. దయచేసి మన ఊళ్లో ఆ పని చేయకండి. 33 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న రోజున 28 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేని మీదైనా మంచు పట్టినట్టు నీటి చుక్కలు పేరుకుంటాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమటలు పట్టడం రోజూ చూస్తున్నదే. ఫోన్‌కూ పడతాయి, లోపల కూడా. బండి హ్యాండిల్‌కు తగిలించి ఎండలో మ్యాప్ చూస్తూ చార్జింగ్ పెట్టడం మానేస్తే సగం వేడి తగ్గుతుంది. బ్యాటరీని సున్నా దాకా దింపి నూరు దాకా ఎక్కించాలనే మాట నికెల్-కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. 1991 నుంచి మార్కెట్లో ఉన్న లిథియం అయాన్ బ్యాటరీలకు ఆ అవసరం లేదు, వాటికి అసలు శత్రువు వేడి.

కిటికీకి తడి దుప్పటి కట్టండి, కూలర్ పెట్టండి, గది చల్లబడుతుంది అనే సలహా అబద్ధం కాదు. నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని తీసుకుపోతుంది. అయితే ఆ చల్లదనానికి ఒక హద్దు ఉంది. 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉన్న పొడి ఊళ్లో గాలి 24 డిగ్రీల దాకా దిగగలదు. మన 33 డిగ్రీల, 75 శాతం గాలి 29 దగ్గరే ఆగిపోతుంది. అదీ గదిని ఆవిరిగదిలా మార్చి. ఇక్కడ ఒంటి మీది చెమట ఆరాలి, గాలి ఆడాలి. ఎదురెదురు కిటికీలు తెరిచి ఫ్యాన్ వేసుకోవడం తడి దుప్పటి కంటే ఎక్కువ సుఖం.

తేమ మీద నిజంగా పనిచేసేది కొత్త చెప్పుల పెట్టెలో దొరికే సిలికాజెల్ పొట్లం. తన బరువులో మూడో వంతు దాకా నీటిని పట్టుకోగలదు. దాన్ని బల్ల మీద వదిలేస్తే మాత్రం ఒకటి రెండు రోజుల్లో ఊరి గాలినే తాగి నిండిపోతుంది. గట్టి మూత ఉన్న డబ్బాలో కెమెరా లెన్స్‌తో పాటు పెడితే బూజు రాదు.

మనసారా మెచ్చుకునే చిట్కా ఒకటుంది, అది పిన్ని ఫోన్‌కే వచ్చింది. గిన్నె అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచి, నల్లబడ్డ వెండి పట్టీలు దానికి తగిలేలా పెట్టి, చెంచాడు వంటసోడా వేసి మరిగే నీళ్లు పోయాలి. మేం చేశాం. చూస్తుండగానే నలుపు తగ్గింది. కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది, కిటికీ తెరిచాం. ఆ నలుపు గాలిలోని గంధకంతో వెండి కలిసి ఏర్పడిన వెండి సల్ఫైడ్. వంటసోడా అల్యూమినియం మీది పొరను తీసేస్తుంది. అల్యూమినియం తన ఎలక్ట్రాన్లను వెండికి ఇచ్చి తాను కరిగిపోతుంది. వెండి తిరిగి వెండి అవుతుంది, గంధకం ఆ వాసనగా పోతుంది. టూత్‌పేస్టుతో తోమితే నలుపుతో పాటు వెండీ అరుగుతుంది, ఇక్కడ అరగదు. కావాలని నల్ల పాలిష్ పెట్టించిన నగలను, రాళ్లు పొదిగిన వాటిని మాత్రం ఇందులో వేయకూడదు.

1948లో 'జల ఉష' అనే ఓడ నీటిలోకి దిగిన సింధియా షిప్‌యార్డు (ఇప్పటి హిందుస్థాన్ షిప్‌యార్డు) మా పిన్ని వాళ్లింటికి ఎంతో దూరం లేదు. సముద్రంలో తిరిగే ఉక్కు ఓడల అడుగున జింకు దిమ్మెలు బిగిస్తారు. ఉప్పునీటిలో జింకు ముందు కరుగుతుంది, దాని ఎలక్ట్రాన్లు అందినంతకాలం ఉక్కు తుప్పు పట్టదు. 1824లో ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ బ్రిటిష్ నౌకల రాగి తొడుగును కాపాడటానికి మొదలుపెట్టిన ఉపాయమిది. పిన్ని గిన్నెలో ఫాయిల్ చేసిందీ, ఓడ కింద జింకు చేస్తున్నదీ ఒకటే పని. ఈ మాట చెప్పినప్పుడు పిన్ని పట్టీలు తుడుస్తున్న చెయ్యి ఆపి, "అయితే ఆ ఇత్తడి బిందెను కూడా ఇందులో ముంచుదామా?" అని అడిగింది.

ఇత్తడి మీద పేరుకునేది ఎక్కువగా రాగి ఆక్సైడు, చిలుము. వాటిని ఆమ్లం కరిగించేస్తుంది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం దండిగా ఉంది. ఇత్తడికి చింతపండే, పిన్నీ.