మెంటార్లు ఎందుకు నిలవరు: 1995లోనే దొరికిన జవాబు

గొడవ మళ్లీ మొదలైంది. మెంటార్ అంటే ఒక పిల్లాడికి తోడుగా ఉండి, తరచూ కలిసే పెద్ద. అలా ఏడాది పాటు వస్తామని సంతకం పెట్టిన వాలంటీర్లు మూడు నెలలకే ఫోన్ ఎత్తడం లేదని, వాళ్లను పిల్లలతో జతచేసే సంస్థలు అంటున్నాయి. పిల్లాణ్ణి అప్పజెప్పి మళ్లీ మా మొహం చూడలేదని వాలంటీర్లు అంటున్నారు.

పిల్లలకు ఇలా పెద్దలను తోడు పెట్టే పని 1904లో న్యూయార్క్ కోర్టు గుమాస్తా ఎర్నెస్ట్ కోల్టర్‌తో మొదలైంది. ఇప్పటి తగాదాకు మూలం 1995లో ఉంది.

ఆ ఏడాది అమెరికాలో పబ్లిక్ ప్రైవేట్ వెంచర్స్ అనే పరిశోధన సంస్థ, పిల్లలకు మెంటార్లను జతచేసే బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ సంస్థ మెంటార్ల మీద రెండు నివేదికలు ఇచ్చింది. మొదటిది మారుమోగిపోయింది. 10-16 ఏళ్ల 959 మందిని గమనిస్తే, మెంటార్ దొరికిన పిల్లలు డ్రగ్స్ మొదలుపెట్టే అవకాశం 46 శాతం తగ్గింది. ఇంకేముంది, వాలంటీర్లను చేర్చుకోవడమే పనైపోయింది.

రెండోదాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 82 మెంటార్-పిల్లల జోడీల్లో కొందరు మెంటార్లు మొదటి నుంచే పిల్లాణ్ణి సరిదిద్దాలని చూశారు. మిగతావాళ్లు ముందు స్నేహం కుదరనిచ్చారు. తొమ్మిది నెలలకు మొదటి రకం జోడీలు చాలావరకు విడిపోయాయి. రెండో రకంలో పదింట తొమ్మిది దాకా నిలిచాయి.

ఆ తేడా ఎక్కడ పుడుతుందో చూడండి. మెంటార్ మార్కుల కాగితం బల్ల మీద పెట్టి, లెక్కల్లో ఎందుకు తగ్గాయని అడుగుతాడు. పిల్లాడు బ్యాగు జిప్పు లాగుతూ, మూస్తూ కూర్చుంటాడు. తర్వాతి వారం రాడు. అరగంట ఎదురుచూసిన మెంటార్, నా వల్ల వీడికి ఒరిగేదేమీ లేదనుకుని వెళ్లిపోతాడు. ఆయన బాధ్యతలేని మనిషని నేననను. ‘ఈసారి మార్కుల మాట ఎత్తకండి, కాసేపు బంతి ఆడండి’ అని చెప్పే కోఆర్డినేటర్, అంటే సంస్థ తరఫున జోడీని కనిపెట్టుకునే మనిషి, ఆయనకు లేరు.

2002లో గ్రాస్‌మన్, రోడ్స్ అనే పరిశోధకులు 46 శాతం లెక్క చెప్పిన ఆ 1995 అధ్యయనం సమాచారాన్నే మళ్లీ తిరగేశారు. ఏడాది దాటిన జోడీల్లో పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలల్లోపే తెగిపోతే, పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం తగ్గింది. మధ్యలో మానేసేవారిలో 26-30 ఏళ్ల పెళ్లైనవాళ్లు ఎక్కువని కూడా తేలింది. సంసారం మొదలయ్యే వయసు మరి.

డబ్బు లేదన్న సంస్థల మాట కొట్టిపారేయలేం. దాతలు ఎంతమంది పిల్లలని అడుగుతారు, కోఆర్డినేటర్ జీతం గురించి అడగరు. కానీ ఆ 46 శాతం తగ్గుదల వచ్చిన చోట, మొదటి ఏడాది నెలనెలా వాలంటీర్‌ను, కుటుంబాన్ని పలకరించాలన్న నిబంధన ఉండేది. ఇప్పుడు వాలంటీర్లు అడుగుతున్నది ఆ నెలవారీ ఫోనే.