టైప్ 2 బైపోలార్ చిన్న జబ్బేం కాదు

దేవరకొండ దిక్కు ఒక ఊరు అనుకోండి. ఇరవై రెండేళ్ల పిల్లగాడు వారం రోజులుగా రాత్రికి రెండు గంటలు కూడా పడుకోడు, అయినా అలసట ఉండదు. మాట ఆగదు. ఇంట్లో చెప్పకుండా ఎడ్లను అడ్డికి పావుశేరు అమ్మేసి, ఆ పైసలతో దోస్తులకు దావత్ ఇస్తాడు. అడ్డం వచ్చిన అన్న మీద చెయ్యి లేపుతాడు. ‘పోరనికి దిమాగ్ ఖరాబైంది’ అని ఊరంతా ఒక్క మాట మీదికి వస్తుంది. గాలి సోకిందని దర్గాకో, కాదంటే ఎర్రగడ్డ ఆసుపత్రికో, మొత్తానికి ఎక్కడికో ఒకచోటికి తీసుకుపోతారు.

ఇక అచ్చంపేటలో బట్టలు కుట్టే ఒకావిడను ఊహించుకోండి. బతుకమ్మకు ముందు ఐదారు రోజులు తెల్లవార్లూ మిషన్ తొక్కుతుంది. గిరాకీ పని అయిపోయినా ఆగదు, కొత్త చీరలు కొనుక్కొచ్చి వాటికి అంచులు కుడుతుంది. ఎన్నడూ లేనంత మాటకారి అవుతుంది. ‘మా వదిన మస్తు హుషారు’ అని ఆడబిడ్డ మురిసిపోతుంది. పండుగ పోయాక ఆమే మంచం పడుతుంది. వండబుద్ధి కాదు, తల దువ్వుకోబుద్ధి కాదు. అడిగితే ‘చాతనైతలేదు’ అంటుంది. ఆరెంపీ డాక్టరు సెలైన్ పెట్టి బలం గోళీలు ఇస్తాడు. సంక్రాంతి వచ్చినా అదే తీరు. బతుకమ్మ ముందటి ఆ రోజుల సంగతి మాత్రం ఏ డాక్టరుకూ ఎవరూ చెప్పరు. అది జబ్బులో భాగమని తెలిస్తే కదా!

ఇద్దరిదీ బైపోలార్ డిజార్డరే, అంటే కొన్నాళ్లు ఉద్రేకం, కొన్నాళ్లు కుంగుబాటు వచ్చే మానసిక జబ్బు. పిల్లగాడిది టైప్ 1: కనీసం వారం రోజుల పాటు, లేదా ఆసుపత్రిలో చేర్చాల్సినంత తీవ్రంగా ఉన్మాదం (మేనియా), అంటే పట్టపగ్గాలు లేని ఉద్రేకం, వస్తుంది. ఆవిడది టైప్ 2: నాలుగు రోజులో అంతకన్నా ఎక్కువో నిలిచే తక్కువ స్థాయి ఉద్రేకం, దాన్నే హైపోమేనియా అంటారు. దానితో పాటు కనీసం రెండు వారాల పాటు ఉండే తీవ్రమైన కుంగుబాటు. పండుగ గిరాకీకి రాత్రులు మేల్కొనే ప్రతివాళ్లకూ జబ్బుందని కాదు. నిద్ర లేకున్నా అలసట రాకపోవడం, మనిషి తీరే మారిపోయిందని పక్కవాళ్లకు కూడా తెలియడం ఇక్కడ గుర్తులు.

హైపోమేనియా తేలిక కాబట్టి టైప్ 2 కూడా తేలికే అనుకుంటారు. నా దృష్టిలో ఈ జబ్బు విషయంలో ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. అమెరికాలో లూయిస్ జడ్ అనే మానసిక వైద్యుడి బృందం రోగుల స్థితిని వారం వారం లెక్కగడుతూ సగటున పన్నెండు, పదమూడేళ్లు గమనించి, ఫలితాలను 2002, 2003లో ప్రచురించింది. టైప్ 1 వాళ్లు నూటికి దాదాపు 47 వారాలు ఏదో ఒక లక్షణంతో గడిపారు. అందులో 32 వారాలు కుంగుబాటువే, ఉద్రేకానివి 9 మాత్రమే. టైప్ 2 వాళ్లకు లక్షణాలున్న వారాలు 54. వాటిలో కుంగుబాటువి 50, హైపోమేనియావి ఒకటికి కాస్త ఎక్కువ. అంటే బతుకులో సగం కాలం మబ్బు పట్టినట్టే. ఆత్మహత్య ముప్పు కూడా టైప్ 2లో తక్కువేం కాదు. ఏడాదిలో నాలుగు, అంతకన్నా ఎక్కువ ఎపిసోడ్లు (జబ్బు విడతలు) వచ్చే వేగవంతమైన చక్రం కూడా వీళ్లలోనే ఎక్కువగా కనిపిస్తుంది. వీళ్లలో నూటికి 5 నుంచి 15 మందికి ఎప్పుడో ఒకప్పుడు పూర్తి ఉన్మాదం వచ్చి, జబ్బు టైప్ 1 అవుతుంది. మిగతావాళ్లది చివరిదాకా టైప్ 2గానే సాగుతుంది.

మన దేశంలో జరిగిన పలు అధ్యయనాల్లో మాత్రం ఉన్మాదపు ఎపిసోడ్లే ఎక్కువగా నమోదయ్యాయి. శరీర తత్వంలో తేడాలు కూడా కారణం కావచ్చు. కానీ గొడవ చేసిన మనిషినే బండెక్కించి, మూలకు పడుకున్న మనిషిని ఇంట్లోనే వదిలేసే చోట, ఆసుపత్రి రికార్డుల్లోకి కుంగుబాటు ఎంత ఎక్కుతుంది?

రకం తెలియకపోతే మందు దారి తప్పుతుంది. మామూలు డిప్రెషన్ అనుకొని ఆ మందు ఒక్కటే ఇస్తే కొందరు ఉద్రేకంలోకి జారిపోతారు. టైప్ 1లో ఈ ముప్పు మరీ ఎక్కువ. అందుకే కుంగుబాటుతో వచ్చినవాళ్లను ‘ఎన్నడన్నా నిద్ర లేకున్నా హుషారుగా ఉన్నరా?’ అని అడగాలి. ఆ ప్రశ్న వెంట వచ్చిన వాళ్లనూ అడగాలి, ఎందుకంటే హుషారుగా ఉన్న రోజులు రోగికి జబ్బుగా గుర్తుండవు.

ఉన్మాదానికి లిథియం అనే మందు పనిచేస్తుందని 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ చూపించాడు. జబ్బు మళ్లీ మళ్లీ రాకుండా ఆపడంలో ఇప్పటికీ దానిదే పెద్ద చెయ్యి. అయితే పాలమూరు, నల్లగొండ ఎండల్లో దానితో జాగ్రత్త. చెమటతో నీళ్లు, ఉప్పు పోతే మూత్రపిండాలు లిథియంను బయటికి పంపడం తగ్గిస్తాయి, రక్తంలో మందు మోతాదు పెరుగుతుంది. మే నెలలో ఉపాధి పనికి పోయేవాళ్లు, ముంబై నిర్మాణాల మీద రాళ్లు మోసేవాళ్లు నీళ్లు తాగుతూనే ఉండాలి, తినే ఉప్పు ఒక్కసారిగా తగ్గించొద్దు. ఒళ్లు నొప్పులకని మెడికల్ షాపులో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి అడిగి మింగొద్దు, అవి కూడా రక్తంలో లిథియంను పెంచుతాయి. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, మాట ముద్దగా రావడం, నడక తూలడం కనిపిస్తే ఆ పూట గోళీ ఆపి వెంటనే ఆసుపత్రికి పోవాలి, రక్తంలో లిథియం ఎంతుందో చూపించుకోవాలి. బాగున్నప్పుడు కూడా ఆ పరీక్షతో పాటు థైరాయిడ్, మూత్రపిండాల పరీక్షలు డాక్టరు చెప్పిన గడువుల్లో చేయించుకోవాలి.

దర్గాకు పోవాలనిపిస్తే పోవచ్చు, గోళీలు మాత్రం ఆపొద్దు. ఆత్మహత్య మాట నోట వస్తే ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. మహబూబ్‌నగర్‌కో నల్లగొండకో ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి పోయేటప్పుడు ఒక నోటుబుక్కు వెంట పట్టుకుపోండి. ఏ నెలలో ఎన్ని రోజులు నిద్ర తగ్గింది, ఎన్ని రోజులు మంచం దిగలేదు, ఏ మందు ఎప్పుడు మొదలైంది అన్నవి అందులో రాసి ఉంటే, ఏ రకమో తేల్చడానికి డాక్టరుకు ఏ స్కానింగూ ఇవ్వని ఆధారం దొరుకుతుంది.