జవాబు ఒకటే ఉండాలా? నాన్‌లీనియర్ ఎలిప్టిక్ సమీకరణాలపై అపోహలు - వాస్తవాలు

"సాల్వర్ కన్వర్జ్ కావడం లేదు (సమీకరణాన్ని సాధించే ప్రోగ్రామ్ ఒక జవాబు దగ్గర స్థిరపడటం లేదు), ఏం చేయాలి?" అవకలన సమీకరణాలను కంప్యూటర్‌తో సాధించే మా రంగంలో తరచుగా వినబడే ప్రశ్న ఇది. అసలు ఆ సమస్యకు జవాబు ఉందా, ఉంటే ఎన్ని ఉన్నాయి అన్నది మాత్రం చాలా అరుదుగా అడుగుతారు. అందుకే ఈ అపోహలన్నింటినీ నాన్‌లీనియర్ ఎలిప్టిక్ సమీకరణాలకు (తెలియని రాశి సూటి నిష్పత్తిలో కాకుండా వచ్చే, కాలంతో మారని స్థితిని వర్ణించే అవకలన సమీకరణాలకు) ఉదాహరణ అయిన బ్రాటు సమస్య మీదే చూపిస్తాను. చిన్న సమస్య కాబట్టి మీరే కాగితం మీద సరిచూసుకోవచ్చు.

బొగ్గు కుప్ప లేదా గడ్డివాము తనంతట తానే వేడెక్కి అంటుకోవడాన్ని సోవియట్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్-కమెనెట్‌స్కీ ఈ సమీకరణంతోనే వివరించాడు. లోపల పుట్టే వేడి ఉష్ణోగ్రతతో పాటు ఎక్స్‌పోనెన్షియల్‌గా పెరుగుతుంది, అంచుల గుండా బయటికి పోతుంది. ఒకే దిశలో 0 నుంచి 1 వరకు చూద్దాం: యు (బయటితో పోలిస్తే ఉష్ణోగ్రత ఎంత ఎక్కువో చెప్పే రాశి) రెండో అవకలజానికి, లామ్డాతో (వేడి ఎంత బలంగా పుడుతుందో చెప్పే సంఖ్యతో) గుణించిన "ఈ పవర్ యు"ను కలిపితే సున్నా; ఇక్కడ "ఈ" అంటే సుమారు 2.718 అనే సంఖ్య. రెండు అంచుల్లోనూ యు సున్నా.

అపోహ: సమీకరణం, సరిహద్దు షరతులు సరిగ్గా రాస్తే జవాబు ఉంటుంది, ఒక్కటే ఉంటుంది.

లాప్లాస్ సమీకరణంతో చదువు మొదలుపెట్టడం వల్ల వచ్చిన నమ్మకం ఇది. ఇక్కడ ధనాత్మక లామ్డా సుమారు 3.5138 కంటే తక్కువైతే రెండు జవాబులుంటాయి. సరిగ్గా ఆ హద్దు దగ్గర ఒకటే ఉంటుంది. దాటితే ఒక్కటీ ఉండదు. లామ్డా 1 అయితే ఒక జవాబులో (కింది జవాబు) మధ్య విలువ 0.14, రెండోదానిలో (పై జవాబు) 4.09.

లామ్డా కుప్ప మందం వర్గంతో పెరుగుతుంది. మందం రెట్టింపు చేస్తే 1 కాస్తా 4 అవుతుంది. అదే బొగ్గు, అదే గాలి, కానీ ఇక స్థిరమైన ఉష్ణోగ్రత అనేదే లేదు. అక్కడ "జవాబు లేదు" అన్నదే మనకు కావలసిన సమాచారం, అంటే కుప్ప అంటుకుంటుంది. సాల్వర్‌ను ఎంత బతిమాలినా లాభం లేదు.

ఇక యూనిట్ వ్యాసార్థం ఉన్న గోళంలో, లామ్డా 2 దగ్గర, ఇదే సమీకరణానికి అనంతమైన జవాబులున్నాయి. నాకు ఇప్పటికీ అబ్బురమనిపించే ఫలితం ఇది.

అపోహ: అస్థిరమైన పై జవాబు పనికిరాదు.

నిజానికి అది గట్టు. కాలంతో మారే సమస్యలో తొలి ఉష్ణోగ్రత అంతటా దానికంటే కింద ఉంటే కుప్ప కింది జవాబుకు చేరుతుంది, అంతటా పైన ఉంటే పేలుతుంది. భద్రత లెక్కించేవాళ్లకు కింది జవాబు కన్నా ఇదే ముఖ్యం.

అపోహ: రెసిడ్యువల్ (జవాబును సమీకరణంలో పెట్టినప్పుడు మిగిలే తేడా) సున్నా అయితే జవాబు దొరికినట్టే.

దొరికింది మెష్ (కంప్యూటర్ లెక్క వేసే కొన్ని బిందువుల వరుస) మీద రాసిన సమీకరణానికి జవాబు. అసలు సమీకరణానికి కావాలనేమీ లేదు. లోపల రెండే బిందువులు పెట్టి, లామ్డా 1గా తీసుకుని ఫైనైట్ డిఫరెన్స్ (అవకలజాలకు బదులు పక్క పక్క బిందువుల తేడాలు వాడే) సమీకరణాలు రాయండి. యు విలువలుగా మొదటి బిందువులో 3.76, రెండోదానిలో 2.75 దాదాపుగా సరిపోతాయి. కానీ అసలు సమస్య జవాబులన్నీ మధ్యబిందువుకు ఇరువైపులా సమానంగా ఉండాల్సినవి! ఈ వంకర జవాబు మెష్ పుట్టించిన నకిలీ.

ముతక మెష్ ఉన్నవాటిని మాయం కూడా చేస్తుంది. లోపల ఒకే బిందువు పెడితే లామ్డా హద్దు 8ని "ఈ"తో భాగించగా వచ్చే 2.94, రెండు పెడితే 9ని "ఈ"తో భాగించగా వచ్చే 3.31. అంటే లామ్డా 3.4 దగ్గర ఆ రెండు బిందువుల మెష్ "జవాబు లేదు" అంటుంది, నిజంగా రెండున్నా సరే. కాబట్టి మెష్ బిందువుల మధ్య దూరం సగం చేసినప్పుడు జవాబు నిలబడుతోందా అని చూడకుండా నమ్మకండి.

అపోహ: న్యూటన్ పద్ధతి (అంచనాను అడుగడుగునా సరిదిద్దుకుంటూ జవాబుకు చేరే పద్ధతి) ఆగిపోతే కోడ్‌లో బగ్ ఉంది.

ఉండొచ్చు. కానీ హద్దు దగ్గర రెండు శాఖలూ (లామ్డా మారుతుంటే కింది, పై జవాబులు గీసే రేఖలు) కలిసి మడత పడతాయి, అక్కడ జాకోబియన్ (న్యూటన్ పద్ధతి ప్రతి అడుగులో వాడే అవకలజాల మాత్రిక) సింగ్యులర్ అవుతుంది, అంటే దాన్ని విలోమం చేయలేం. లామ్డాను కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే ఆ మడత దగ్గర ఇరుక్కుపోతారు. లామ్డాను కూడా తెలియని రాశిగా తీసుకుని, వక్రరేఖ పొడవు వెంట నడవండి. గణిత శాస్త్రవేత్త కెల్లర్ 1977లో చూపిన ఈ ఆర్క్‌లెంగ్త్ పద్ధతి మడత దాటించి పై శాఖకు చేరుస్తుంది. సున్నా నుంచి మొదలుపెట్టే పికార్డ్ పునరావృతి (పాత అంచనాను "ఈ పవర్ యు"లో పెట్టి కొత్త యు కనుక్కోవడం) మాత్రం, జవాబు ఉన్నంత వరకు, ఎప్పుడూ కింది జవాబుకే చేరుతుంది.

ఫలితం రాసేటప్పుడు ఏ తొలి అంచనాతో మొదలుపెట్టారో, ఏ శాఖ మీద ఉన్నారో, రెండో అవకలజాన్ని మైనస్ గుర్తుతో రాసి లీనియరైజ్ చేసిన ఆపరేటర్ కనిష్ఠ ఐగెన్ విలువ (జవాబును కాస్త కదిపితే ఆ మార్పు తగ్గుతుందా పెరుగుతుందా చెప్పే సంఖ్య) గుర్తు ఏమిటో తప్పక రాయండి. మడత దాటగానే ఆ గుర్తు ధనం నుంచి రుణానికి మారుతుంది.