నైరోబీ స్టడీ ట్రిప్‌లో చెప్పని ఎంపెసా కథ

అమెరికాలోనో యూరప్‌లోనో ఎంబీఏ చేసే మనవాళ్ళలో కొంతమందికి కోర్సు మధ్యలో ఓ వారం కెన్యా ట్రిప్ తగుల్తుంది. షెడ్యూల్ అటూ ఇటూగా ఒకటే, అక్కడి పెద్ద మొబైల్ కంపెనీ సఫారీకామ్ ఆఫీసు, ఒక స్టార్టప్ హబ్, నైవాషా దగ్గర గులాబీ తోటలు, చివర్రోజు సఫారీ. వచ్చాక ప్రెజెంటేషన్‌లో సఫారీకామ్ వాళ్ళ ఎంపెసా, అంటే ఫోన్‌తోనే డబ్బు పంపుకునే సర్వీసు, దాని మీద ఒక స్లైడ్ గ్యారంటీ, అందులో ఒక కంపెనీ తెలివితో దేశం మారిపోయిందని రాసేస్తారు. అసలు జరిగింది అంత సాఫీగా ఏం లేదు.

ముందు ఈ ట్రిప్పుల సంగతి. 2000లో ఎకానమిస్ట్ పత్రిక ఆఫ్రికాని ఆశ లేని ఖండం అని కవర్ మీద వేసింది, 2011కి వచ్చేసరికి అదే పత్రిక ఆఫ్రికా లేస్తోందని ఇంకో కవర్ వేసింది. ఈలోగా 2008 ఫైనాన్షియల్ క్రైసిస్ వచ్చి, వాల్‌స్ట్రీట్‌కి జనాన్ని పంపిన బిజినెస్ స్కూళ్ళకీ చీవాట్లు పడ్డాయి. హార్వర్డ్ అయితే 2011లో ఫీల్డ్ అని కొత్త కోర్సు పెట్టి, ఫస్టియర్ వాళ్ళు దాదాపు 900 మందినీ 2012 జనవరిలో ఎమర్జింగ్ దేశాలకి పంపేసింది. నైరోబీకి వెళ్తే చూపించడానికి అప్పటికే ఎంపెసా రెడీగా ఉంది.

ఇది మొదలైందేమో బ్రిటన్ ప్రభుత్వ సహాయ నిధితో, సఫారీకామ్‌లో వాటా ఉన్న వొడాఫోన్ కూడా డబ్బు కలిపింది. 2005లో నైరోబీ దగ్గరి థికా లాంటి చోట్ల పైలట్ నడిపారు. అనుకున్నదేమో మైక్రోఫైనాన్స్ అప్పుల వాయిదాలు ఫోన్లో కట్టించడం, జనమేమో దాన్ని ఒకళ్ళకొకళ్ళు డబ్బు పంపుకోడానికి వాడేసుకున్నారు, దాంతో 2007 మార్చిలో "ఇంటికి డబ్బు పంపండి" అన్న స్లోగన్‌తోనే లాంచ్ చేశారు. ఆ ఏడాది చివర్లో ఎన్నికల గొడవలు, హత్యలు, రోడ్లు బంద్, అలాంటప్పుడు ఊళ్ళో వాళ్ళకి డబ్బు పంపాలంటే చాలామందికి ఇదే దిక్కయింది. బ్యాంకులు గోల పెడితే 2008 డిసెంబర్లో ఆర్థిక మంత్రి ఆడిట్ చెయ్యమన్నాడు, సెంట్రల్ బ్యాంక్ మాత్రం ఆపలేదు. అన్నట్టు లాంచ్ నాటికి సఫారీకామ్‌లో 60 శాతం వాటా ప్రభుత్వానిదే, ఇది స్లైడ్‌లో ఎప్పుడూ ఉండదు.

ఇంకా ఉండనిది ఏజెంటు. ఆకుపచ్చ రంగేసిన చిన్న బడ్డీలో కూర్చున్న ఆవిడ, కస్టమర్ నోట్లు ఇస్తే తన ఫోన్లోని ఫ్లోట్‌లోంచి, అంటే ముందే డబ్బు కట్టి పెట్టుకున్న ఎంపెసా బ్యాలెన్స్‌లోంచి, అంత పంపాలి, పాత రోజుల్లో ఐడీ నంబర్‌తో సహా పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకునేది. సిటీలో అందరూ డబ్బు వేసేవాళ్ళే కాబట్టి ఫ్లోట్ అయిపోతుంది, పల్లెలో అందరూ తీసుకునేవాళ్ళే కాబట్టి గల్లాలో క్యాష్ అయిపోతుంది, అప్పుడు షాపు వదిలి బ్యాంకుకి పోవాలి, పోయినంతసేపూ కమిషన్ పోయినట్టే. ఈ తిప్పలే అసలు బిజినెస్ అని నేనంటాను.

మరి ఇదే ఎంపెసాని వొడాఫోన్ 2013లో ఐసీఐసీఐతో కలిసి ఇండియాలో తెచ్చింది, 2019లో మూసేసింది. ఇక్కడ క్యాష్ విత్‌డ్రా చేసుకోవడం మీద ఆర్‌బీఐ రూల్స్ వేరు, పైగా సగంలో యూపీఐ వచ్చిపడింది, అది బ్యాంక్ ఖాతా ఉన్నవాళ్ళ లెక్క, కెన్యాలో ఎంపెసాకేమో బ్యాంక్ ఖాతాయే అక్కర్లేదు.

మళ్ళీ కెన్యాకొస్తే, 2012 నవంబర్లో ఎంపెసా మీదే ఎంష్వారీ అనే పొదుపు, అప్పుల సర్వీసు వచ్చాక ఫోన్లోనే అప్పు, నెల అప్పుకి అప్పట్లో 7.5 శాతం ఫీజు, ఏడాదికి లెక్కేస్తే 90. తర్వాత లోన్ యాప్‌లు వరస కట్టాయి, అప్పు కట్టలేనివాళ్ళు క్రెడిట్ బ్యూరో ఎగవేతల లిస్టులో పడ్డారు, వాళ్ళ ఫోన్లోని కాంటాక్టులకి ఫోన్లు వెళ్ళాయి. 2021 చివర్లో చట్టాన్ని సవరించి, 2022లో రూల్స్ తెచ్చేదాకా ఆ యాప్‌లని అడిగే నాథుడే లేడు. 2010లో ఆంధ్రాలో మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్స్ దాకా వెళ్ళిన గొడవ, 2020లో హైదరాబాద్ లోన్ యాప్ కేసులు గుర్తున్న స్టూడెంట్ ఎవరైనా ఆ బస్సులో ఉంటే, సఫారీకామ్ ఆఫీసులో మొదటి ప్రశ్న ఆ 7.5 శాతం మీదే అడగాలి.