పిలక మీద పూసే ఐరిస్

అరటి ఒక్క గెలే వేస్తుందనీ, ఆ తరువాత పక్కన లేచిన పిలకే దాని చోటు తీసుకుంటుందనీ మన పెరళ్లలో అందరికీ తెలుసు. కింది రేకుల మీద గడ్డంలాంటి నూగు ఉండే ఐరిస్ అనే పూలమొక్కది కూడా అదే నడవడి. అల్లం కొమ్మును పోలిన దాని దుంప ఒక్కసారే పూస్తుంది. తరువాతి పూత దాని పక్కల పుట్టిన పిలకలది. మామూలు రకాల పిలకలు చలికాలం గడిపి మరుసటి వసంతంలో గానీ పూయవు. మళ్లీ పూసే రకాలలో కొన్ని పిలకలు అదే ఏడాది ముదిరి, అంత చలిని కోరకుండానే, శరత్తులో పూకాడలు పంపుతాయి.

ఈ గుణం కోసం ఏళ్ల తరబడి సంకరం చేసిన వారిలో లాయిడ్ జర్‌బ్రిగ్ ఒకరు. వృత్తిరీత్యా సంగీత ఆచార్యులైన ఆయన 1982లో అందించిన ‘ఇమ్మోర్టాలిటీ’ అనే తెల్లని రకాన్ని తోటల్లో నేటికీ పెంచుతున్నారు. 30 ఏళ్లు దాటిన రకాలను ఐరిస్ ప్రేమికులు చారిత్రక రకాలుగా గౌరవిస్తారు. కొత్త రకాల రేకులకుండే దట్టమైన కుచ్చులు వీటిలో చాలావాటికి లేకపోయినా, మొండి నేలలో పెంచదలచినవారు ముందుగా చూడవలసినవి ఇవేనని నా అభిప్రాయం.

సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న మా బెంగళూరులో జనవరి రాత్రులు సాధారణంగా 15, 16 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. చలి తక్కువ కావడం ఒక చిక్కు. దానికంటే పెద్దది వాన. పిలకలు త్వరగా ముదరాలంటే మళ్లీ పూసే రకాలకు మామూలు రకాలకన్నా ఎక్కువ నీరూ, ఎరువూ కావాలి. అయితే వెచ్చని తడి నేలలో గాయం దొరికితే చాలు, బాక్టీరియా దుంపలోకి చొరబడి కుళ్లబెడుతుంది. నత్రజని ఎక్కువైతే కండ మెత్తబడి ఆ కుళ్లు మరింత సులువవుతుంది. అందువల్ల తిండి పెట్టాలి, తడి మాత్రం నిలవనివ్వకూడదు.

ఈ తేడా నాకు నిరుడు సెప్టెంబరు వానల్లో తెలిసివచ్చింది. విసనకర్రలా విచ్చుకొని ఉన్న ఆకులు ఒక ఉదయం పక్కకు ఒరిగిపోయాయి. పట్టుకొని లాగితే మొదలుతో సహా ఊడి చేతికి వచ్చాయి. వేలితో నొక్కితే దుంప గుజ్జులా దిగిపోయి, భరించలేని వాసన వేసింది. గట్టి తెల్లని కండ కనిపించేదాకా చెంచాతో గీకి, గాయాన్ని ఎండలో ఆరబెట్టాను. ఎర్రమట్టిలో ముతక ఇసుక, ఇటుక ముక్కలు కలిపి జానెడు ఎత్తున మడి కట్టి, మిగిలిన నాలుగు పిలకలను వీపు ఎండకు తగిలేలా, వేర్లు మాత్రమే మట్టిలో ఉండేలా నాటాను. పువ్వు ఇంకా చూడలేదు. పిలకలు మాత్రం ఇప్పుడు ఏడు.