మేకపిల్లలు ఆయనవే, మరి ఆ నీళ్లు?

ఫోటో చూసి వేసిన బొమ్మ ఎవరిది, వేసినవాడిదా, తీసినవాడిదా? కడపలో ఈ పాత గొడవే మళ్లీ లేచింది. ఏడు రోడ్ల దగ్గర ఒకప్పుడు సైన్‌బోర్డులు రాసి, ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయి, ఇప్పుడు పేరున్న చిత్రకారుల రూపాలను అచ్చం ఫోటోల్లా వేస్తున్న పెయింటర్ ఒకాయన స్పెయిన్ చిత్రకారుడు డాలీ బొమ్మను అమ్మకానికి పెట్టాడు. ఫోటో ఉన్నదున్నట్టు దించేశాడని ఊళ్లో ఫోటోగ్రాఫర్లు ఒకటే గోల.

ఇలా బొమ్మను ఫోటోలా వేసే హైపర్‌రియలిజం పుట్టుపూర్వోత్తరాలు వదిలేద్దాం. ఒక్క సంగతి మాత్రం: 1968లో అమెరికా చిత్రకారుడు చక్ క్లోజ్ తొమ్మిదడుగుల ఎత్తున తన ముఖాన్ని గళ్లు కొట్టి వేసినప్పుడు, చూసి వేసిన ఫోటో కూడా ఆయన తీసుకున్నదే.

మన దగ్గర అసలు మలుపు 2012. అప్పటిదాకా కాపీరైట్ చట్టంలో బొమ్మకు గీసినవాడు బతికున్నంత కాలం, పోయాక ఇంకో 60 ఏళ్లు రక్షణ ఉండేది, ఫోటోకేమో అచ్చయినప్పటి నుంచి 60 ఏళ్లే. ఆ ఏడాది సవరణలో ఫోటోలకు ఈ వేరే గడువు పెట్టిన 25వ సెక్షన్ ఎత్తేశారు. కెమెరావాడు కుంచెవాడి పక్కనే పంక్తిలో కూర్చున్నాడు.

2023లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఫోటోగ్రాఫర్ల వాదనకు ఇంకాస్త ఊపిచ్చింది. లిన్ గోల్డ్‌స్మిత్ తీసిన గాయకుడు ప్రిన్స్ ఫోటోను 1984లో ఓ పత్రిక 400 డాలర్లిచ్చి ఒక్కసారికే అని తీసుకుంటే, ఆ పత్రిక కోసం బొమ్మ వేసిన అమెరికా చిత్రకారుడు ఆండీ వార్హోల్ దాన్నుంచి ఏకంగా బొమ్మల వరుసే చేశాడు. 2016లో ప్రిన్స్ పోయాక అందులో ఇంకో బొమ్మ పత్రిక కవర్ మీదికెక్కింది, వార్హోల్ ఫౌండేషన్‌కు 10,000 డాలర్లు, ఆమెకు పైసా లేదు. ఆ లావాదేవీ వరకు కోర్టు 7-2తో ఆమె వైపే నిలిచింది.

ఇక కడప బొమ్మకు మూలం 1948లో ఫిలిప్ హాల్స్‌మన్ తీసిన ఫోటో. డాలీ ఎగరాలి, అదే క్షణంలో మూడు పిల్లులను విసరాలి, బకెట్ నీళ్లు చిమ్మాలి, హాల్స్‌మన్ భార్య కుర్చీని గాల్లో పట్టుకోవాలి. ఇరవైకి పైగా సార్లు తీశారు, తీసిన ప్రతిసారీ తడిసిన పిల్లులను మళ్లీ పట్టుకురావడం, మళ్లీ నేల తుడవడం. మన పెయింటర్ ఆ పిల్లుల చోట మేకపిల్లలను వేశాడు, కాబట్టి బొమ్మ తనదే అంటాడు. మేకపిల్లల చెవుల మీద వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, కాదనను. కానీ నీళ్ల వంపు మాత్రం చుక్కకు చుక్క హాల్స్‌మన్‌దే.

పాత లెక్కలో ఈ ఫోటోకు 60 ఏళ్లు 2012 సవరణకు ముందే నిండాయి, కోర్టుకెళ్తే పెయింటరే గెలవచ్చు. అయినా ఫోటోగ్రాఫర్లు అడుగుతున్నది డబ్బు కాదు, కింద హాల్స్‌మన్ పేరు రాయమని. కాన్వాసు మూలన పెయింటర్ సంతకం పక్కన ఇంకా జానెడు ఖాళీ ఉంది.